గుండె జబ్బు ఉన్నవాళ్ళకి చెయ్యి పడిపోతే, మాట తడబడితే ఏం చేయాలి

కార్తీకమాసం, రెండో మంగళవారం. పొద్దున్న పదకొండు దాటింది. పెళ్ళివాళ్ళ పట్టు జాకెట్లు ఆరున్నాయి, రెండోది కత్తిరిస్తున్నాను. చాక్‌తో గీసిన గీత మీద కత్తెర బాగానే నడుస్తోంది. చంక మలుపు దగ్గరికి వచ్చేసరికి జారి బల్ల మీద పడింది. తీద్దామని చూస్తే వేళ్ళు మూసుకోలేదు. నొప్పి లేదు, తిమ్మిరీ లేదు. ఆ చెయ్యి నాది కానట్టు ఉంది. ఎదురుగా కూర్చున్న పెళ్ళికూతురి పిన్ని "ఏమైందక్కా?" అంది. కత్తెర జారింది అని చెబుదామనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం "కత్తి... కత్తి... బల్ల". ఏం చెప్పాలో లోపల తెలుస్తూనే ఉంది, మాట పైకి రావడం లేదు. ఆవిడ లేచి నిలబడి, "అక్కా, నీ మూతి ఓ పక్కకి పోయింది" అంది.

పావుగంట అలా ఉండి, ఎలా వచ్చిందో అలాగే పోయింది. వేళ్ళు కదిలాయి, మాట వచ్చింది. ముందురోజు కార్తీక సోమవారం, నక్తం ఉన్నాను కదా, నీరసం అనుకున్నాం అందరం. నిమ్మరసం ఇస్తే తాగి పడుకున్నాను. సాయంత్రం దగ్గర్లో ఉన్న డాక్టర్‌కి చూపిస్తే నరాల బలహీనత అని చెప్పి బీ12 ఇంజెక్షన్ చేశారు. గుండె జబ్బు ఉందా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. చేతికీ గుండెకీ సంబంధం ఉంటుందని నాకు తట్టనే లేదు.

గురువారం మా తమ్ముడు ఫోన్ చేస్తే మాటల మధ్యలో ఈ సంగతి చెప్పాను. వాడు ఇంకేం మాట్లాడకుండా కారేసుకుని తణుకు వచ్చి, నన్ను విజయవాడ గుండె డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. రక్తం పరీక్ష చేస్తే ఐఎన్‌ఆర్ 1.3 ఉంది. రక్తం గడ్డ కట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే అంకె అది. రక్తం పలచబడే మందు వాడతాను కాబట్టి నాకు 2 నుంచి 3 మధ్య ఉండాలి, తగ్గితే గడ్డలు కడతాయి. డాక్టరమ్మ ఆ కాగితం పక్కన పెట్టి, "మంగళవారం నీకు వచ్చింది చిన్న పక్షవాతమే అమ్మా. గడ్డ దానంతటదే కరిగింది కాబట్టి చెయ్యి తిరిగొచ్చింది. రెండోసారి అలా కరుగుతుందని ఎవరూ చెప్పలేరు" అంది. ఆ రెండు రోజులూ నేను జాకెట్లకి కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నాను.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. అప్పటినుంచి అడిగి తెలుసుకున్నవీ, డాక్టర్లు విసుక్కోకుండా చెప్పినవీ ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, బట్టలు కుట్టుకునే మనిషిని. కానీ నాలాగా గుండె మందులు వాడేవాళ్ళ ఇళ్ళల్లో ఈ సంగతులు ముందే తెలిసి ఉండాలని నాకు గట్టిగా ఉంది.

గుండెకీ తలకీ ఏం సంబంధం

నాకు పదకొండేళ్ళప్పుడు గొంతునొప్పి వచ్చి తగ్గింది. తర్వాత కొన్ని వారాలకి మోకాళ్ళు, మణికట్లు వాచాయి. కీళ్ళ జ్వరం అన్నారు. అదే రుమాటిక్ జ్వరం. కీళ్ళ వాపు పోయింది గానీ గుండెలో వాల్వ్ మీద దెబ్బ పడింది. ఎడమవైపు పైగదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ ఏళ్ళ తరబడి సన్నబడుతూ వచ్చింది. ఇరవై ఎనిమిదో ఏట బెలూన్ పెట్టి వెడల్పు చేశారు. ముప్పై తొమ్మిదో ఏట గుండె లయ తప్పింది. దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. పైగది లయగా ముడుచుకోకుండా ఊరికే వణుకుతూ ఉంటుంది.

మా వైపు వేసవిలో గోదావరి కాలువలు కట్టేస్తారు. నీళ్ళు పారినన్నాళ్ళూ కాలువ శుభ్రంగానే ఉంటుంది. కట్టేసిన పది రోజులకి, గుంటల్లో నిలిచిన నీళ్ళ మీద పాచి పడుతుంది. వణికే పైగదిలో రక్తం పరిస్థితీ అంతే. ఆ గదికి పక్కన చిన్న సంచిలాంటి మూల ఒకటి ఉంటుంది. రక్తం అక్కడ నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఏ రోజో ఊడి గుండెలోంచి బయటపడి, మెడ రక్తనాళాల గుండా తలకి ఎక్కి, ఎక్కడో సన్నటి నాళంలో ఇరుక్కుంటుంది. మెదడులో ఆ ముక్కకి రక్తం ఆగిపోతుంది. నాకు కుడి చెయ్యీ మాటా పోయాయంటే గడ్డ ఎడమ మెదడుకి వెళ్ళిందన్నమాట. అంటే చెయ్యి దగ్గర ఏ లోపమూ లేదు.

లయ తప్పిన గుండె ఉన్నవాళ్ళకి పక్షవాతం వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే సుమారు ఐదు రెట్లు ఎక్కువ. దాంతోపాటు వాల్వ్ కూడా సన్నబడితే ఇంకా చాలా ఎక్కువ. లోహపు వాల్వ్ వేయించుకున్నవాళ్ళు, పెద్ద గుండెపోటు వచ్చి గుండె బలహీనపడినవాళ్ళు కూడా ఈ లెక్కలోకే వస్తారు. మీ ఇంట్లో అలాంటివాళ్ళు ఉంటే కిందిదంతా మీకోసమే.

ఎలా గుర్తుపట్టాలి

పక్షవాతం లక్షణాలకి ఒక స్వభావం ఉంది. మెల్లగా పెరగవు, ఉన్నట్టుండి వస్తాయి. ఒక నిమిషం ముందు బాగున్న మనిషి మరుక్షణం బాగుండడు. పైగా చాలావరకు ఒక పక్కనే వస్తాయి. రెండు చేతుల వేళ్ళ చివర్లూ నెలల తరబడి చిమచిమలాడటం వేరే సంగతి. అది మెడ వల్లో, షుగర్ వల్లో, విటమిన్ తగ్గడం వల్లో కావచ్చు. డాక్టర్‌కి చూపించుకోవాలి గానీ అర్ధరాత్రి పరుగెత్తాల్సిన పని కాదు.

ఇంట్లో చూసుకోవడానికి ఒక్క నిమిషం చాలు. ముందు పళ్ళు కనపడేలా నవ్వమనండి, నోటి ఒక మూల కిందికి జారిందేమో చూడండి. తర్వాత కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకి చాచి పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఉంచమనండి. ఒక చెయ్యి తనంతట తాను కిందికి దిగుతుంటే అదే గుర్తు. ఆ మనిషికి అది తెలియకపోవచ్చు, బయటినుంచి చూసేవాళ్ళకే కనిపిస్తుంది. మూడోది మాట. రోజూ అనే మాటే అనిపించండి. మా ఇంట్లో మేం పెట్టుకున్నది: "అమ్మ అప్పడాలు వేయించి అందరికీ పెట్టింది." నాలుక మందంగా పలికినా, ఒక మాట బదులు ఇంకో మాట వచ్చినా, మనం చెప్పింది వాళ్ళకి అర్థం కాకపోయినా ఒకటే లెక్క. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా చాలు, మూడూ ఉండాలని చూడొద్దు.

ఇవి కాక ఇంకో రెండు మూడున్నాయి, జనం పట్టించుకోనివి. ఐఎన్‌ఆర్ పరీక్ష లైన్లో ఒక పెద్దాయన చెప్పారు: పేపర్ చదువుతుంటే కుడి కంటికి పైనుంచి కర్టెన్ దించినట్టు చీకటైంది, ఐదు నిమిషాలకి మళ్ళీ లేచిపోయింది. కళ్ళజోడు మార్చుకోవాలేమో అనుకుని కళ్ళద్దాల షాపుకి వెళ్ళారట. అది కంటి నాళంలోకి గడ్డ వెళ్ళడం, దాన్ని పక్షవాతంలాగే చూడాలి. ఉన్నట్టుండి ఒకటి రెండుగా కనిపించడం, తాగినవాడిలా ఒక పక్కకి తూలిపోవడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి పిడుగులా రావడం కూడా ఇందులోకే వస్తాయి.

మొదటి పది నిమిషాలు

అన్నిటికంటే ముందు గడియారం చూడండి. చివరిసారి ఆ మనిషి బాగున్నది ఎన్ని గంటలకో కాగితం మీదో, చేతిమీదో పెన్నుతో రాసుకోండి. లక్షణం కనిపెట్టిన టైం కాదు కావాల్సింది, చివరిసారి బాగున్న టైం. రాత్రి పదింటికి మాట్లాడి పడుకున్న మనిషి పొద్దున్న ఐదింటికి చెయ్యి పడిపోయి లేస్తే, రాత్రి పది అని చెప్పాలి. నిద్రలో ఒకటింటికి లేచి బాత్రూంకి వెళ్ళి బాగానే వచ్చిందని మీకు గుర్తుంటే ఒంటిగంట అని చెప్పాలి. ఆ మూడు గంటల తేడాతోనే మందు ఇవ్వొచ్చా లేదా అన్నది తేలిపోవచ్చు.

గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. రక్తం అందని మెదడులో నిమిషానికి సుమారు 19 లక్షల కణాలు చనిపోతాయని మా డాక్టరమ్మ చెప్పినప్పుడు, నిమ్మరసం తాగి పడుకున్న ఆ మధ్యాహ్నం నాకు కళ్ళముందు కదిలింది. పెద్ద నాళంలో గడ్డ ఉంటే తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపించి దాన్ని బయటికి లాగేస్తారు. ఆ పద్ధతి కొందరికి 24 గంటల దాకా కూడా పనికొస్తుంది. అందుకని ఆలస్యమైపోయింది, ఇంకెందుకు అనుకుని ఆగిపోకండి. రక్తం పలచబడే మందు వాడుతున్నారు కాబట్టి ఇంకేం చేయలేరని ఎవరైనా అన్నా ఆగిపోకండి. ఐఎన్‌ఆర్ 1.7 దాటితే కరిగించే ఇంజెక్షన్ ఇవ్వరు, నిజమే. కానీ గడ్డను లాగే పద్ధతికి అది అడ్డు కాకపోవచ్చు.

108కి ఫోన్ చేయండి. "పక్షవాతం వచ్చినట్టుంది, గుండె పేషెంటు" అని ఈ రెండూ కలిపి చెప్పండి. ఈలోగా మనిషిని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయినా ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉంటుంది. ఇంట్లో షుగర్ మిషన్ ఉంటే ఒక చుక్క చూడండి. షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే మాట తడబడుతుంది.

చేయకూడనివి ఇంకా ముఖ్యం, ఎందుకంటే ప్రేమతోనే చేస్తారు. నోట్లో ఏమీ పోయకండి. నీళ్ళొద్దు, నిమ్మరసం వద్దు, సోడా వద్దు. మింగే శక్తి పోయి ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. నాకు ఆ రోజు ఏమీ కాలేదు, అంతవరకు నా అదృష్టం. గుండె పేషెంటు కదా అని ఆస్పిరిన్ నమిలించకండి. గుండెపోటుకి అది మంచిదే, కానీ ఇక్కడ తలలో ఉన్నది గడ్డో, నాళం చిట్లి రక్తం కారుతోందో తలకి సీటీ స్కాన్ తీస్తే తప్ప ఎవరికీ తెలియదు. చిట్లి ఉంటే ఆస్పిరిన్ హాని చేస్తుంది. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టకండి, ఆ సమయంలో బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకి వచ్చే కాస్త రక్తం కూడా తగ్గిపోతుంది. పావురం రక్తం పూయడానికీ, పసరు మందు పోసే ఊళ్ళకీ తీసుకెళ్ళకండి. ఆ మందు పోసేవాళ్ళ మీద నాకు కోపం లేదు. అక్కడికి వెళ్ళి వచ్చే నాలుగు గంటల గురించే నా బాధ.

ఏ ఆసుపత్రికి వెళ్ళాలన్నది ఈ రోజే, మనిషి బాగున్నప్పుడే తేల్చుకోండి. దగ్గర్లో ఉన్న ఆసుపత్రులకి ఫోన్ చేసి మూడు అడగండి: రాత్రిపూట కూడా సీటీ తీస్తారా, పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారా, నరాల డాక్టర్ పిలిస్తే వస్తారా. మా తమ్ముడు ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఇలా ఫోన్లు చేశాడు. అన్నిటికంటే దగ్గరున్న ఆసుపత్రిలో రాత్రి తొమ్మిది తర్వాత సీటీ లేదని తేలింది. ఇప్పుడు మాకు పగలు ఎక్కడికో, రాత్రి ఎక్కడికో తెలుసు. ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్ జిరాక్సులు నా పరీక్షల కాగితాల ఫైల్లోనే ఉంటాయి.

క్యాజువాలిటీ గుమ్మంలో చెప్పే మొదటి మాటలు ఇవి కావాలి: "పదకొండింటి వరకు బాగానే ఉంది. మైట్రల్ వాల్వ్ జబ్బు, గుండె లయ తప్పింది. రక్తం పలచబడే మందు అసిట్రాం వాడుతుంది, రాత్రి ఏడింటికి వేసుకుంది." కథ మొదటినుంచి చెప్పడం మొదలుపెడితే అవతలివాళ్ళకి కావాల్సింది చివర్లో వస్తుంది. ఈ నాలుగు ముక్కలు వింటే చాలు, ఏం పరీక్షలు చేయాలో వాళ్ళకి తెలిసిపోతుంది.

తగ్గిపోతే

నేను తప్పు చేసింది ఇక్కడే. పావుగంటలో తగ్గిందంటే పోయిందని కాదు. తర్వాత పెద్దది వచ్చే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ ఉండేది మొదటి రెండు రోజుల్లోనే. చెయ్యి మామూలుగా అయిపోయినా, మాట స్పష్టంగా ఉన్నా, అదే పూట ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ తల స్కాన్, మెడ రక్తనాళాల పరీక్ష, ఈసీజీ, ఎకో, ఐఎన్‌ఆర్ చూస్తారు. స్కాన్‌లో ఏమీ కనపడకపోవచ్చు. నాకూ ఎంఆర్‌ఐలో ఏమీ కనపడలేదు. కనపడలేదు కాబట్టి రాలేదనుకోవద్దని డాక్టరమ్మ మా ఆయనకి రెండుసార్లు చెప్పింది.

అప్పటికి లక్షణం పోయి ఉంటుంది కాబట్టి మీరు చెప్పేదే సాక్ష్యం. ఏ చెయ్యి, ఎంతసేపు, మాట ఎలా వచ్చింది, మూతి ఎటు లాగింది అన్నీ చెప్పాలి. ఆ రోజు పెళ్ళికూతురి పిన్ని మూతి సంగతి అనకపోతే నాకు అది తెలిసేదే కాదు. తోడుగా చూసినవాళ్ళని వెంట తీసుకెళ్ళండి, లేదంటే ఫోన్లో అయినా డాక్టర్‌తో మాట్లాడించండి. జరుగుతుండగా ఎవరైనా సెల్‌ఫోన్లో అర నిమిషం వీడియో తీస్తే ఇంకా మేలు.

గుండె పేషెంట్లకి తలలో వచ్చే మిగతా ఇబ్బందులు

అన్నీ పక్షవాతాలు కావు. మంచం మీంచి లేవగానే కళ్ళు బైర్లు కమ్మి, గోడ పట్టుకుంటే తగ్గిపోతే అది చాలావరకు బీపీ పడిపోవడం. నీరు తీసే మాత్రలు, బీపీ మాత్రలు వాడేవాళ్ళకి ఎండాకాలంలో మరీ ఎక్కువ. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాలకి ఒకసారి బీపీ చూసి రెండూ రాసుకుని డాక్టర్‌కి చూపించండి. మీ అంతట మీరు మాత్ర మానేయకండి.

గుండె వేగాన్ని అదుపులో పెట్టే డిగాక్సిన్ మాత్ర వాడేవాళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. చాలామందికి వారానికి ఐదు రోజులే వేసుకోమని రాస్తారు, శని ఆదివారాలు ఉండదు. అది ఒంట్లో ఎక్కువైపోతే ఆకలి చస్తుంది, వికారం వస్తుంది, చూపు పసుపుపచ్చగా మారుతుంది, పెద్దవాళ్ళు తికమకగా మాట్లాడతారు. వయసు మీదపడి మతి తప్పుతోంది అని ఇంట్లో అనుకుంటారు. విరేచనాలయినా, కిడ్నీ బాగోకపోయినా ఇది తొందరగా వస్తుంది. చూపు రంగు మారిందని ఎవరైనా అంటే తేలిగ్గా తీసుకోకండి.

మా పెదనాన్న సంగతి చెప్పకుండా ఉండలేను. ఆయన నడుస్తూ నడుస్తూ పడిపోయేవారు. చేతులు నాలుగైదు సార్లు కొట్టుకునేవి. ఫిట్స్ అన్నారు, రెండేళ్ళు ఫిట్స్ మాత్రలు వాడారు, పడిపోవడం ఆగలేదు. పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు ఆయన చేతిలో తాళాల గుత్తి పెట్టేవారు. చివరికి ఒక కాలేజీ కుర్రాడు, మా చిన్నాన్న కొడుకు, ఒక విషయం గమనించాడు. పడబోయే ముందు పెదనాన్న మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడుతోంది, నిమిషంలోపే లేస్తున్నారు, లేవగానే "నా చెప్పులేవిరా?" అని అడుగుతున్నారు. ఫిట్స్ వచ్చిన మనిషి లేచాక కాసేపు మత్తుగా, ఎవరిని చూస్తున్నారో తెలియనట్టు ఉంటారు, నాలుక పక్కన కొరుక్కుని ఉండొచ్చు. ఈయనకి అదేం లేదు. గుండె డాక్టర్ ఒంటికి హోల్టర్ మిషన్ కట్టి 24 గంటలు చూస్తే, మధ్యలో గుండె కొన్ని సెకన్లు కొట్టుకోకుండా ఆగిపోతోందని తేలింది. పేస్‌మేకర్ పెట్టారు. అప్పటినుంచి ఒక్కసారి కూడా పడలేదు. కాబట్టి గుండె జబ్బు ఉన్నవాళ్ళు స్పృహ తప్పితే, ముఖ్యంగా మెట్లెక్కుతూనో బరువెత్తుతూనో తప్పితే, గుండె డాక్టర్‌కి కూడా చూపించండి. ఎవరికైనా కొట్టుకుంటున్నప్పుడు చేతిలో ఇనుము పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం చేయకండి. పక్కకి తిప్పండి, టైం చూడండి.

రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు తలకి దెబ్బ తగిలించుకుంటే, రక్తం రాకపోయినా బొప్పి కట్టకపోయినా, ఆసుపత్రికి వెళ్ళి సీటీ అడగండి. లోపల మెల్లగా కారి రెండు మూడు వారాలకి బయటపడేవి కూడా ఉన్నాయి. రోజురోజుకీ పెరిగే తలనొప్పి, పగలంతా మగత, నడక మారడం వాటి గుర్తులు. వాల్వ్ జబ్బు ఉన్నవాళ్ళకి వారం దాటినా తగ్గని జ్వరం వస్తే వాల్వ్ మీద ఇన్‌ఫెక్షన్ పట్టిందేమో చూడాలి. ఆ ముక్కలు కూడా తలకి ఎక్కుతాయి. రక్తంలో క్రిములున్నాయేమో చూసే కల్చర్ పరీక్షకి రక్తం తీయకముందే ఊళ్ళో యాంటీబయోటిక్స్ వాడితే అసలు జబ్బు దొరక్కపోవచ్చు.

ఐఎన్‌ఆర్ పుస్తకం

నా ఐఎన్‌ఆర్ 1.3కి ఎందుకు పడిపోయిందో డాక్టరమ్మ ఒక్కో రోజూ అడిగి పట్టుకుంది. కార్తీకమాసం మేం నీచు ముట్టం. మాసం మొదలైనప్పటినుంచీ ఒకరోజు తోటకూర, ఒకరోజు పాలకూర పప్పు, ఒకరోజు గోంగూర. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె అసిట్రాం పనిని తగ్గించేస్తుంది. దానికితోడు సోమవారాలు ఉపవాసం. ఖాళీ కడుపుతో మాత్ర వేసుకోకూడదని రెండు సోమవారాలు మానేశాను. ఈ రెండూ చాలు.

ఆకుకూర మానేయమని ఎవరైనా చెబితే వినకండి. మానేస్తే ఐఎన్‌ఆర్ పైకి పోతుంది, మళ్ళీ తిన్నరోజున కిందికి పడుతుంది. వారానికి ఎంత తింటారో ప్రతివారం అంతే తినండి. నేను బుధ, శనివారాలు తింటాను, ఒక గరిటెడు పప్పు. కార్తీకంలోనూ అంతే, మిగతా రోజులు ఆనపకాయ, బీరకాయ. ఈ మాత్ర అన్నం తినకుండా కూడా వేసుకోవచ్చు, గుక్కెడు నీళ్ళతో. ఆ గుక్కెడు నీళ్ళకి నక్తం చెడదని మా పూజారిగారే చెప్పారు, చెప్పాక మనసు కుదుటపడింది.

మాత్ర టైం సాయంత్రం ఏడు. మిషన్ మీద దీపం వెలిగించే టైం అది, మర్చిపోను. నాకు ఒకరోజు 2 మిల్లీగ్రాములు, ఒకరోజు 3. వేసుకోగానే క్యాలెండర్లో ఆ గడిలో అంకె వేస్తాను. గడి ఖాళీగా ఉంటే వేసుకోలేదని అర్థం. ఆ రాత్రి గుర్తొస్తే వేసుకోవాలి, మర్నాడు గుర్తొస్తే నిన్నటిది వదిలేసి, రెండూ కలిపి వేసుకోకుండా, పుస్తకంలో రాసుకోవాలి. కొత్త స్ట్రిప్ తెచ్చినప్పుడల్లా దాని మీద మిల్లీగ్రాముల అంకె షాపులోనే చదువుకోవాలి.

ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించుకోవద్దు, షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకోవద్దు, రక్తస్రావం అవుతుంది. విరేచనాలకి ఇచ్చే మెట్రోనిడజోల్, తామరకి ఇచ్చే ఫ్లూకోనజోల్ ఐఎన్‌ఆర్‌ని పైకి లాగేస్తాయి. ఎవరు ఏ మందు రాసినా "నేను అసిట్రాం మీద ఉన్నాను" అని ముందే చెప్పి, వాడటం మొదలుపెట్టిన నాలుగైదు రోజులకి ఒకసారి పరీక్ష చేయించుకోండి. పన్ను పీకించుకోవాలన్నా ముందు గుండె డాక్టర్‌కి ఫోన్ చేయండి. పిల్లల్ని కనాలనుకునే ఆడపిల్లలు నెల తప్పకముందే డాక్టర్‌తో మాట్లాడాలి, ఈ మందు కడుపులో బిడ్డకి మంచిది కాదు.

పరీక్షలే అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయని లైన్లో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. వచ్చిన మాట నిజం, మామూలుగా లయ తప్పినవాళ్ళకి అవి మంచివే. కానీ మైట్రల్ వాల్వ్ బాగా సన్నబడినవాళ్ళకీ, లోహపు వాల్వ్ ఉన్నవాళ్ళకీ అసిట్రాం లాంటి పాత మందే. రుమాటిక్ జబ్బుతో లయ తప్పిన వేలమంది మీద చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. కొత్తరకం మాత్ర వేసుకున్నవాళ్ళకంటే పాత మందు వేసుకున్నవాళ్ళలోనే చావులు తక్కువ. పక్కింటివాళ్ళ మాత్ర చూసి మార్చుకోకండి.

మనసు సంగతి ఒకటి. ఆర్నెల్ల పాటు పొద్దున్న లేవగానే కుడిచెయ్యి మూసి తెరిచి చూసుకునేదాన్ని. కత్తెర పట్టుకుంటే గుండెదడ, దడ వస్తే మళ్ళీ టెన్షన్. ఎవరికీ చెప్పుకోలేదు. చివరికి డాక్టరమ్మకి చెబితే, ఇలా చాలామందికి ఉంటుందని, నిద్ర పట్టకపోయినా ఏడుపు ఆగకపోయినా అది కూడా తనకి చెప్పాల్సిన లక్షణమేనని అంది. చెప్పాకే తగ్గడం మొదలైంది.

ఇప్పుడు నా మిషన్ పక్క గోడకి, టేపు తగిలించే మేకుకే, అట్టముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. నా పేరు, జబ్బు, మందు, టైం, చివరి ఐఎన్‌ఆర్, పగలు వెళ్ళే ఆసుపత్రి, రాత్రి వెళ్ళే ఆసుపత్రి, తమ్ముడి నంబరు. ఐఎన్‌ఆర్ అంకె మాత్రం పెన్సిల్‌తో రాసి ఉంటుంది, నెలనెలా మారుతుంది కాబట్టి. కుట్టు నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయికి మొదటిరోజు బాబిన్ చుట్టడం నేర్పాక ఆ అట్ట చూపించాను. ఈ మధ్య ఒకరోజు నా చేతిలోంచి కత్తెర జారింది, ఊరికే జారింది. ఆ పిల్ల మిషన్ ఆపి, గడియారం వంక చూసి, "అక్కా, ఒకసారి నవ్వు. చేతులు రెండూ చాపు. ఇప్పుడు అప్పడాల మాట చెప్పు" అంది. చెప్పాను. అంతా విన్నాకే మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.